ఏడో కైంచి

పాత నక్షా దొరకలే.
రెక్టర్ ఫాదర్ బీరువా రెండుసార్లు వెదికిండు,
బిషప్ హౌస్‌కు ఫోన్ చేసిండు,
ఆఖరికి నా చేతిల టేపు చూసి
"మీరే కొలుచుకోండి" అన్నడు.

కొలిచిన.
పొడవు డెబ్బై రెండు అడుగులు.
వెడల్పు ఈ కొసకు ఇరవై నాలుగు,
ఆ కొసకు ఇరవై నాలుగున్నర.
రెండు దిక్కుల నుంచి లేపుకొచ్చిన గోడలు,
ఎవరి దారం వాళ్లకు నిజం.

రాయి మడికొండ గుట్టది.
కట్టింది ఒడ్డె పోశాలు, బావుల మనిషి,
గుండ్రం తప్ప మూల తెలియని చెయ్యి.
ఇటలీ ఫాదర్ ఆన్సెల్మో
పీఠం వెనక గోడను పుల్లతోటి
మట్టి మీద సగం చందమామ లెక్క గీసి చూపిచ్చిండట.
ఒక్క ఆడనే ఇద్దరికి మాట అక్కర లేకపోయింది.
"నీళ్లు లేని బావి," అని నవ్వేటోడట పోశాలు.

తూర్పు గోడ గీకిన.
గులాబి డిస్టెంపరు, దాని కింద పసుపు,
దాని కింద నీలిమందు కలిపిన సున్నం,
ఇంకా కింద మసి.
కాజీపేటల బొగ్గు ఇంజన్లు మలుపు తిరిగినప్పుడల్లా
ఈ కిటికీలల్లకెల్లి ఊపిరి వదిలేటివి.
గంట కూడా పట్టా ముక్కనే,
ఇప్పటికీ దాని మీదనే కొడుతున్నరు.

పూజ లాటిన్ విడిచి తెలుగులకు వచ్చిన ఏడు
పీఠం గోడ విడిచి నాలుగడుగులు ముందుకొచ్చింది.
అతికిచ్చినోణ్ణే పిలిచిండ్రు పగలగొట్టుమని.
"ఇన్నేండ్లు అయ్యగారి వీపు చూసిన్రు,
ఇప్పటిసంది మొకం చూస్తరు.
నాకైతే రెండుసార్ల కూలి."
గోడకు ఆ మచ్చ ఇంకా ఉన్నది,
పీటల మీది దేవుడి పటం తీసినంక మిగిలిన చతురస్రం లెక్క.

తర్వాతెవరో దాత పేరు మీద
పీఓపీ సీలింగు వచ్చింది, పువ్వులు, అంచులు.
పోయిన వానకాలం ఓ పువ్వు ఊడి హార్మోనియం మీద పడ్డది.
అందుకే నన్ను పిలిచిండ్రు.

సీలింగు విప్పంగనే చీకట్ల ఎనిమిది కైంచీలు.
ఏటూరునాగారం టేకు, వడ్ల ఓదెలు ఉలితో చెక్కిన అంకెలు:
౧, ౨, ౩...
౬ దాకా వచ్చి, తర్వాత ౮.
మధ్యలది టేకు కాదు.
రైలు స్లీపర్లు, మేకులు పీకిన బొందలతోటి,
బోల్టులు బిగిచ్చి నిలబెట్టినవి. అంకె లేదు.

సామాన్ల పద్దు తీసి చూసిన.
ఫాదర్ వంకర తెలుగక్షరాల్ల ఒక్క వరుస:
"టేకు, ఏడో జత. శౌరిలుకు."
శౌరిలంటే గుత్తేదారేమో అనుకున్న.

వెనక సమాధుల దగ్గర
తంగేడు పొద పక్కకు జరిపితే పేరు కనపడ్డది.
శౌరిలు, పదహారేండ్లు.
ఎండాకాలం, ఆ కైంచీలు ఎత్తిన యేడే.

హన్మకొండల ఫర్నిచర్ దుకాణం నడిపే ఓదెలు మనుమడు
చాయ్ తెప్పిచ్చి చెప్పిండు:
వడదెబ్బట. రాళ్లు మోసే పిలగాండ్లల్ల చిన్నోడట.
పెట్టెకు పలకలు లేవు,
పట్నం పోయి తెచ్చేంత టైమ్ లేదు, ఎండకు ఆగదు.
"మా తాత ఎవర్నీ అడగలే సార్.
అడిగితే లెక్క అడ్డమొస్తదని
రాత్రికి రాత్రే కోసిండు."
తెల్లారి ఫాదర్ వచ్చి పొట్టు చూసిండట,
ఏం అనలేదట.
పద్దుల రాసుకున్నడు, అంతే.

ఎస్టిమేట్ నింపుతున్న.
ఒకటి నుంచి ఆరు, ఎనిమిది: చెదల మందు, వార్నిషు.
ఏడు: ఇనుప గర్డరు వెయ్యాలె, రేటు రాయాలె.
పెన్ను ఆగింది.
"ఉన్నది ఉన్నట్టే," అని రాసిన.
రెక్టర్ అడిగిండు, ఎట్లయితది, పాతది కదా అని.
రైళ్లు మోసిన కర్ర, ఫాదర్,
బెంగుళూరు పెంకులు మొయ్యదా అన్న.
అదీ నిజమే.

నిచ్చెన దిగి సబ్బుతోటి రెండుసార్లు కడిగిన.
రాత్రి అన్నం కలుపుతుంటే
వేళ్లకు ఇంకా తారు వాసన.